చెయ్యి తీయండి సార్

అమ్మకు,

నీ మొండిఘటం నమస్కారాలతో రాస్తోంది. నేనిక్కడ కులాసా. నాన్న మోకాలి నొప్పి తగ్గిందనీ, తమ్ముడు లెక్కల్లో గట్టెక్కాడనీ చదివి మనసు కుదుటపడింది. కుదుటపడింది! ఆ మాట రాస్తుంటేనే కుర్చీలో సర్దుకుని కూర్చున్నట్టుంది.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. నిద్రపోతున్నాను. "డాక్ అంటే ఏమిటే?" అన్నావు. లాప్‌టాప్ పక్కన పెట్టే ఇటుకంత పెట్టె. దాని తీగ ఒక్కటి గుచ్చితే చాలు, పెద్ద తెర, కీబోర్డు, నెట్ అన్నీ లాప్‌టాప్‌కు అందుతాయి. మా ల్యాబ్‌లో బల్లకొకటి ఉంది. వాటిలో నెట్ ఉన్నట్టుండి పోతుండేది.

ఇక అసలు ప్రశ్న: "ల్యాబ్ సారుతో మాటా మాటా అయిందన్నావు, క్షమాపణ అడిగావా?"

ముందు ఆయన సంగతి విను. మేమంతా ఆయన్ను తీసిపెట్టు సారు అంటాం. నెట్ పోయిందని ఎవరన్నా సరే, గబగబా వచ్చి, తెర వంక కూడా చూడకుండా, డాక్ తీగ పీకి మళ్లీ గుచ్చుతారు. నెట్ వచ్చేస్తుంది. "చూశావా!" అని వెళ్లిపోతారు. కాసేపటికి మళ్లీ పోతుంది. చివరికి విసుగెత్తి, "ఇదంతా ఆ లినక్స్ రోగం. సోమవారం అన్నిట్లోంచీ తీసిపారేస్తా" అన్నారు. లినక్స్ అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం అమ్మా. బల్లలన్నిటి మీదా దాన్ని ఎక్కించింది నేనే. మా బృందం ఏడాదిగా చేస్తున్న ప్రాజెక్టు దానిమీదే నడుస్తుంది. తీసేస్తే పరీక్షలో చూపించడానికి మాకేమీ మిగలదు.

అప్పుడు నాకొకటి తట్టింది. పీకి గుచ్చగానే జబ్బుతోపాటు దాని ఆనవాలూ పోతోంది. అందుకే మా బల్ల దగ్గర నెట్ పోయి ఆయన చెయ్యి చాపగానే, తీగ మీద నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

"చెయ్యి తీయండి సార్."

"ఏంటమ్మాయ్?"

"పోయినదాన్ని పోయినట్టే ఉండనివ్వండి. ఎందుకు పోయిందో చూడాలి."

"నువ్వా నాకు నేర్పేది?"

"నేర్పడం లేదు సార్. ఆపుతున్నాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొహం కందగడ్డయింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోగానే, తెర మీద వచ్చిన వరుసలు చదివి చూశాను. డాక్‌లో నెట్ చూసుకునే భాగం నిద్రలో ఉంది! కాసేపు ఎవరూ వాడకపోతే కరెంటు ఆదా కోసం లినక్స్ దాన్ని నిద్రపుచ్చుతోంది. అదేమో మళ్లీ లేవడం లేదు. లినక్స్‌దీ కొంత తప్పుందని ఒప్పుకున్నాను. కానీ ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? నిద్రపుచ్చొద్దని లినక్స్‌లో ఒక్క వరుస ఆజ్ఞ రాశాను. అందరం భోజనాలకు వెళ్లొచ్చినా నెట్ పోలేదు.

లినక్స్ నిలబడింది. కానీ మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు పిలిచి, "నువ్వు చెప్పింది నిజమే. అయినా పెద్దాయన చెయ్యి ఆపడం పద్ధతి కాదు. క్లాసు ముందు క్షమాపణ చెప్పు" అన్నారు.

ఇప్పటిదాకా దాచిన మాట రాస్తున్నాను. చెప్పకపోతే ల్యాబ్ తాళం ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేశాను. "మా అమ్మాయి చేతిలో ల్యాబ్ తాళం" అని నువ్వు ఇరుగుపొరుగుతో చెప్పుకున్న తాళమే. బల్ల మీద పెడుతుంటే నువ్వే గుర్తొచ్చావు. ఇక క్లాసు వేళల్లో తప్ప నన్ను ల్యాబ్‌లోకి రానివ్వరు. మిగతా పని నా గదిలో స్నేహితురాలి పాత లాప్‌టాప్ మీద చేసుకుంటున్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదని రాశావు. నా నోట్లోంచి చెడ్డ మాట ఒక్కటీ రాలేదమ్మా. సార్ అనే అన్నాను. క్షమాపణ అడిగితే, ఆ చెయ్యి అడ్డం పెట్టడమే తప్పని నేను ఒప్పుకున్నట్టు. అడగను.

నిన్న క్లాసులో, నేను రాసిన వరుస వర్తించని కొత్త రకం డాక్‌లో నెట్ పోయింది. సారు అలవాటుగా గబగబా వచ్చి చెయ్యి చాపారు. చాపి, ఆగిపోయారు. చేతులు వెనక్కి కట్టుకుని, తెర మీదికి వంగి, మెల్లగా చదవడం మొదలుపెట్టారు. నావైపు మాత్రం చూడలేదు.

తాళం ఇంకా తిరిగి రాలేదు. నా క్షమాపణా వెళ్లలేదు.

ఇట్లు,
తాళం లేకపోయినా తలెత్తుకునే తిరుగుతున్న
నీ పెద్దకూతురు