ఓబులేసు తోలిచ్చిన గొర్రెలు

శుక్రవారం రాత్రి, మార్చి 1981

మా ఆయన ప్రాణానికి బదులంట, ఓబులేసు పొద్దున గొర్రెలు తోలిచ్చినాడు. పెద్దమనుషులు కుదిర్చిన రాజీ. సోమవారం కోర్టులో నేను వాని మీద సాక్ష్యం చెప్పకూడదు.

సాయంత్రం మేత నుంచి మళ్లిన గొర్రెలు మా దొడ్డికి రాలేదు. నేరుగా ఓబులేసు వాళ్ల దొడ్డికే పోయినాయి. వాని వాకిట్లో నిలబడి ఎంత అదిలించినా కదల్లేదు.

"అలవాటైన చోటు గదమ్మా, నాలుగు దినాలు కట్టేసుకో" అనింది వాళ్లమ్మ.

నాకు ఒళ్లు మండింది. "నీ కొడుకునే తోలమను" అన్నా.

ఓబులేసు వచ్చినాడు. నా పక్క చూడకుండా ముందు నడుస్తా, హోయ్ అని ఒక్క కేక పెట్టినాడు. గొర్రెలన్నీ వాని వెంట మా దొడ్డికి వచ్చేసినాయి. నేను మాత్రం వాని వాకిట్లోనే నిలబడిపోయినా. ఆ రాత్రి చెనిక్కాయల కళ్లంలో మా ఆయన్ను నరికినప్పుడు చీకట్లో నరికినోని మొగం కనపడలేదు. ఈ గొంతే వినపడింది.

"రాజీ తప్పితే గొర్రెలు వెనక్కి పోతాయి. ఈ కరువులో పిల్లోళ్లకు ఏం పెడతావు?" అంటాడు మామ.

మూగజీవాలు ఒక్క కేకకే గుర్తుపట్టినాయి. సోమవారం నేను బోనెక్కి, ఆ గొంతు ఎవరిదో తెలీదని చెప్పల్ల.