రోహిణి ఎండలో గంటన్నర

గద్వాలలోని పద్మక్కకు, చెల్లెలు లలిత ఐర్లండ్ నుంచి నమస్కరించి రాస్తున్న సంగతులు.

అక్కా, నువ్వు, బావ, మీ అత్తమ్మ ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? కొన్నాళ్లు మగ్గం మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పిన మాట ఆయన వినరని తెలుసు, అయినా అడుగుతున్నాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. నిత్య బాగుంది. ఉత్తరం విప్పగానే నీ కళ్లు దాని పేరు కోసమే వెతుకుతాయని ముందే రాస్తున్నాను. బడికి పోతోంది, అన్నం తింటోంది. నిజంగానే బాగుంది అక్కా.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. బావ ఎత్తి, "మీ అక్క పనిల ఉందమ్మా, మళ్ల చేస్తదిలే" అంటారు. మళ్లీ చేసింది లేదు. మొన్న ఆదివారం వెనకాల నీ దగ్గు వినిపించింది. అయినా నేను అడగలేదు. అడిగితే ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. కాగితం అయితే మధ్యలో పెట్టేయలేవు కదా.

ఇక్కడ ఎండాకాలం అని పేరు. పొద్దున కోటు వేసుకుని పోతున్నాను, సాయంత్రం వాన. పోయిన వారం ఒకరోజు ఇరవై అయిదు డిగ్రీలు వచ్చిందని టీవీలో జాగ్రత్తలు చెప్పారు, నీళ్లు తాగండి, నీడలో ఉండండి అని. బావ వింటే ఎంత నవ్వుతారో అనుకున్నాను. నవ్వుదామని నేనూ చూశాను, రాలేదు. వృద్ధాశ్రమంలో నా డ్యూటీ మామూలే. పన్నెండు గంటలు నిలబడి ముసలివాళ్లకు మందులు ఇచ్చి, మంచాలు సర్ది, ఇంటికొచ్చేసరికి మా ఆయన డ్యూటీకి పోయి ఉంటాడు. జొన్నపిండి దొరికే దుకాణం గంట దూరం. అంత దూరం పోయి తెచ్చినా రొట్టె విరిగిపోతుంది. నీ చేతి ఒడుపు నాకు ఎప్పుడూ రాలేదు. మాట్లాడేందుకు మనిషి లేడు. ఉన్నా, నేను మాట్లాడవలసింది వాళ్లతో కాదు.

అసలు విషయానికి వస్తాను. ఇంతకుముందు రెండు కాగితాలు ఇక్కడిదాకా రాసి చింపేశాను.

మేము గద్వాలకు వచ్చిన మొదటి పది రోజులు గుర్తున్నాయా? రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఈసారి నిజంగానే పగులుతాయేమో అనిపించింది. ఇక్కడ మూడు రోజులకు ఒకసారి నిత్య నడుముకు ఉండే పంపులో ఇన్సులిన్ మారిస్తే సరిపోతుంది. అక్కడి వేడికి ఆ మందు చెడిపోతుందని రోజూ మార్చాల్సి వచ్చింది. చెమటకు దాని పొట్ట మీది స్టిక్కర్లు ఊడిపోయేవి. మొదటి రోజు నువ్వు భయంభయంగా చూశావు. నాలుగో రోజుకు అంతా నేర్చేసుకున్నావు. ఏ రోజు ఏ వైపు స్టిక్కర్ మార్చామో గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టావు. కరెంటు పోయినప్పుడు మందు సీసాను డబ్బాలో పెట్టి, కుండకు తడిగుడ్డ చుట్టి, అందులో దాచావు. పదిహేనేళ్లు నర్సుగా చేసిన నాకు ఆ ఆలోచన రాలేదు.

మీ అత్తమ్మ "గీ డబ్బా ఏందే పిల్ల నడుముకు?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే నువ్వు చెప్పావు: "అందరి ఒంట్ల తయారయ్యే మందు దాని ఒంట్ల తయారు కాదత్తా. గీ పెట్టె పొద్దుమాపు జరజర ఎక్కిస్తుంటది. అది లేకుంటే పిల్ల లేదు." నేను క్లినిక్‌లో కలిసే, ఈ జబ్బు కొత్తగా బయటపడిన పిల్లల తల్లులకు ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ తరువాత వీపనగండ్ల దగ్గర మీ ఎల్లమ్మ పండుగ. సగం రోజు పనే కదా అని వేరే మందు సీసా గానీ, ఇంజక్షన్ పెన్ను గానీ వెంట తీసుకోలేదు. అది నా మొదటి తప్పు. నువ్వు అడిగావు కూడా, "పెన్ను పెట్టుకున్నవా లల్లీ?" అని. "సాయంత్రానికి ఇంట్లనే ఉంటం కదా" అన్నాను.

బావ నేసి ఇచ్చిన పట్టు అంచు బట్టతో నువ్వు కుట్టిన లంగా, జాకెట్ వేసుకుంది నిత్య. లంగాకు జేబు ఉండదు కాబట్టి పంపును దాని తోలు సంచిలో పెట్టి, తోలు బెల్టుతో నడుముకు కట్టాను. గుడి ముందర మీ అత్తమ్మ చూసి ఆపేసింది. "నడుముకు తోలు కట్టుకొని తల్లి ముందలికి పోతరా? విప్పియ్యమ్మా, జర విప్పియ్యి." వచ్చిన చుట్టాలంతా అటే చూశారు.

అప్పుడు నువ్వు ఏమన్నావో నువ్వు మరిచిపోయి ఉంటావు. నాకు మాట మాట గుర్తుంది. "తోలే కదా వద్దనేది? పెట్టెను సంచిలకెల్లి తీసి నా కొంగు చింపి కట్టిస్తా. పెట్టె మాత్రం తియ్యొద్దు లల్లీ." అప్పటికే కొంగు పట్టుకున్నావు కూడా.

నేను వద్దన్నాను. "గంటసేపు తీసినా ఏం కాదక్కా, నాకు తెల్వదా?" అన్నాను. నర్సును కదా. అందరి ముందు పెద్ద గొంతుతో అన్నాను. గొట్టం ఊడదీసి, పంపును సంచితో సహా కారులో ముందు అద్దం కింద పెట్టి, తలుపులు వేసి వచ్చాను.

ఇందులో ఇంకో నిజం ఉంది అక్కా. మీ అత్తమ్మ మాటకు భయపడి తీయలేదు. నీ కొంగు కట్టి ఉంటే ఆమె ఒప్పుకునేది. నాకే ఒక్క గంట బిడ్డ నడుముకు ఏమీ లేకుండా చూడాలనిపించింది. ఏడేళ్లు అయింది ఆ గొట్టం లేకుండా దాన్ని ఒక్క ఫొటోలో చూసి. చుట్టాల పిల్లలందరితో పాటు నిలబడి లంగా పట్టుకుని గిరగిరా తిరిగింది. ఫొటోలు తీశాను. అవి నీ ఫోన్‌లోనూ ఉన్నాయి. చూడు, అందులో దాని నడుము మామూలు పిల్లల నడుము లాగే ఉంటుంది. ఆ ఫొటో కోసమే తీశాను.

పూజారి ఆలస్యం చేశాడు. గంట అనుకున్నది గంటన్నర అయింది. కారు తలుపు తీస్తే లోపల పొయ్యి. పంపు చేతితో పట్టుకోలేకపోయాను, చున్నీతో పట్టుకున్నాను. దానిలోని మందు ఉడికిపోయి ఉంటుందని నాకు ఆ క్షణమే తెలుసు. అనుమానం కాదు, తెలుసు. చల్లటి సీసా గద్వాలలో నీ ఫ్రిజ్‌లో ఉంది, గంటన్నర దారి. ఇంకా వంటలు దించలేదు, అందరూ పంక్తికి కూర్చుంటున్నారు. పోదాం అంటే ఎందుకు అని అడుగుతారు. నేను ఏమీ అనకుండా దానికి పంపు తగిలించాను.

నిత్య అంది, "అమ్మా, పెట్టె కాలుతుంది." నేను "ష్, ఎవరికీ చెప్పకు, చల్లారుతుంది" అన్నాను. పదకొండేళ్ల పిల్ల. నా మొహం చూసి తల ఊపింది.

నువ్వు దానికి బెల్లం భక్షాలు పెట్టే ముందు నన్ను అడిగావు, "ఎన్ని పెట్టమంటవ్?" అని. మూడు అన్నాను. మూడే పెట్టావు. మూడింటికి ఎంత మందు కావాలో నేనే లెక్క కట్టి పంపులో నొక్కాను. పంపు తన పని చేసింది, మందు పోతున్నట్టే చూపించింది. లోపలికి పోయింది మాత్రం ఉత్త నీళ్లతో సమానం.

తరువాత జరిగింది నీకు తెలుసు. చక్కెర పెరగడం, బిందెడు నీళ్లు తాగినా తీరని దాహం, వాంతులు. దారి పొడవునా నువ్వు దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నావు. ముందు సీటు నుంచి మీ అత్తమ్మ అడిగింది, "ఎన్ని తినిపిచ్చినవ్ పద్మా?" నువ్వు "మూడు" అన్నావు. "చక్కెర రోగం ఉన్న పిల్లకు మూడా! కన్నదానికైతే తెలుస్తది. నీకేం తెలుస్తది లే."

అక్కా, నేను నీ పక్కనే కూర్చున్నాను. నీ మోచేయి నా మోచేతికి తగులుతోంది. మూడు పెట్టమన్నది నేను. పంపు తీసింది నేను. ఉడికిన మందు అని తెలిసీ ఎక్కించింది నేను. ఒక్క మాట అంటే చాలు, ఆమె నోరు మూతపడేది. తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

దవాఖానలో డాక్టరు ఏం తినిందని అడిగితే ముందుకు వెళ్లి చేతులు జోడించి చెప్పింది నువ్వే. "నేనే పెట్టిన సార్. భక్షాలు. నాదే తప్పు." ఆయన నన్ను చూసి, "మీరు నర్సు కదా, చూసుకోవద్దా?" అన్నాడు. దానికీ నేను తల వంచుకున్నాను. పంపు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఉదయానికి నిత్య లేచి నీళ్లు అడిగినప్పుడు, నువ్వు గ్లాసు ముట్టుకోకుండా నన్ను పిలిచావు.

మేము బయలుదేరిన రోజు ప్రతిసారీ సంచుల నిండా సర్ది ఇచ్చే మనిషివి ఏమీ ఇవ్వలేదు. కారు దగ్గర నిత్య "పెద్దమ్మా, మురుకులు?" అంటే, "వద్దు బిడ్డా, నా చేతిది నీకు ఏదీ వద్దు" అన్నావు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కారు తలుపు తెరిచే ఉంది. నేను టైమ్ అవుతోందని అన్నాను.

మీకు పిల్లలు లేరని ఊళ్లోవాళ్లు ఎన్ని మాటలు అన్నా నువ్వు తట్టుకున్నావు. కారులో మీ అత్తమ్మ అన్న ఆ మాటకు మాత్రం ఎదురు చెప్పలేకపోయావు, ఎందుకంటే అది నిజమని నమ్మావు. నువ్వు నమ్మేటట్టు చేసింది నీ సొంత చెల్లెలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఉత్తరంతో అది పోతుందని నాకు ఆశ లేదు. మీ అత్తమ్మ ఇది విని కూడా, "చెల్లె కదా, అక్కను కాపాడనీకె రాసింది" అంటుందేమో. నువ్వే అలా అనుకుంటావేమో. అలా అనుకోకు. నేను నీలాగా అంత మంచిదాన్ని కాదు.

ఇక్కడి క్లినిక్‌లో పంపును కంప్యూటర్‌కు తగిలిస్తే రోజు రోజు లెక్క బయటికి వస్తుంది. ఆ రోజు దగ్గర ఆగి, ఇక్కడ ఏమైంది అని అడిగింది అక్కడి నర్సు. ప్రయాణం, ఎండ, అన్నాను. పక్కన కూర్చున్న నిత్య నన్ను చూసింది. అప్పటినుంచి అది కూడా నేర్చుకుంది. చక్కెర ఎంత ఉంది అంటే నూట ఇరవై అంటుంది. ఫోన్‌లో సెన్సర్ లెక్క చూస్తే మూడు వందలు. కోప్పడితే అదే చూపు చూస్తుంది. ఆ పెట్టె దాని ఒంటి మీద నుంచి ఎప్పటికీ దిగదని నాకు తెలుసు. దానితో బతకడం నేర్పాలి నేను. నేర్పింది మాత్రం దాచడం. మళ్లీ ఎండాకాలం గద్వాల వద్దు అంటోంది. చలికాలం పోదాం అన్నాను. "పెద్దమ్మ నాకు ఏం పెట్టదు కదా, ఎందుకు?" అంది.

రెండు చిన్న పనులు చెప్తాను, చెయ్యి. నీ ఫ్రిజ్ తలుపులో మా మందు సీసా ఒకటి మిగిలిపోయింది, పారేయి. అది చూసినప్పుడల్లా బాధపడుతున్నావని బావ అన్నారు. రెండోది, ఈ ఉత్తరం ఒక్కదానివే చదివి పెట్టెలో దాచకు. మీ అత్తమ్మను కూర్చోబెట్టి బావతో గట్టిగా చదివించు. నా పేరు వచ్చిన చోట ఆయనను ఆగనివ్వకు.

నిన్న బడి నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ నిత్య అడిగింది, "పెట్టె సంగతి పెద్దమ్మకు చెప్పినవా?" చెప్పిన అన్నాను. అబద్ధం. ఇంకా చెప్పలేదు అనడానికి సిగ్గు వేసింది. వెంటనే అడిగింది, "మరి పెద్దమ్మ ఏమన్నది?"

ఆ జవాబు కోసమే మళ్లీ కాగితం తీశాను. అది ఇంకా ఎదురుచూస్తోంది. నువ్వు ఏమన్నా సరే అక్కా, తిట్టినా, ఇక నా ముఖం చూడనన్నా, ఆ మాటే ఒక్క అక్షరం మార్చకుండా దానికి చెప్తాను.

మీ అత్తమ్మకు, బావకు నా నమస్కారాలు. నన్ను దీవించమని అడిగే ముఖం నాకు లేదు. నిత్యను దీవించు.

నీ చెల్లెలు,
లలిత