మూడో సిలిండర్ చప్పుడు

జూన్ 9, 2025. సోమవారం

బక్రీదు అయ్యాక ఇవాళే షెడ్డు తీశాను. మొదటి బండి వెంకట సాయిది. పిడుగురాళ్ల మనిషి, సొంత లారీ, ముప్పై దాటని వయసు. ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. అందులో పన్నెండు రోలర్ రాకర్ ఆర్మ్‌లు, అడ్జస్టబుల్. యూట్యూబ్‌లో చూసి తెప్పించాడట. రాకర్ అంటే వాల్వ్‌ను నొక్కే మీట. పాతది వాల్వ్ తల మీద రుద్దుకుంటుంది. దీనికి కొసన చిన్న రోలర్ ఉంటుంది, దొర్లుతుంది. అరుగుదల తక్కువ, చప్పుడు తక్కువ.

"ఈ టకటక వినలేక చస్తన్నా షఫీక్ భాయ్. ఇంజన్ ఉందో లేదో కూడా తెలవకూడదు, అట్టా చెయ్యి" అన్నాడు. ఆదివారం సాయంత్రానికి కావాలన్నాడు. సరే అన్నాను.

అతను వెళ్లాక ఇంజన్ చూశాను. బ్లాకు పక్కన వెల్డింగ్ అతుకు ఉంది. నా చేత్తో వేసిన అతుకు. నా పని నాకు తెలియదా.

లారీ వేరే. ఇంజన్ మాత్రం లక్ష్మీనారాయణది.

జూన్ 10

హెడ్ కవర్ తెరవలేదు. వేరే బండికి క్లచ్ ప్లేట్లు మార్చాను.

జూన్ 11

రాసేస్తాను. ఇది అబిదాకు కూడా చెప్పలేదు. పెళ్లయి పద్నాలుగేళ్లలో ఆమె దగ్గర దాచింది ఇదొక్కటే.

2023 ఫిబ్రవరి 17. శివరాత్రి ముందు రోజు. కోటప్పకొండకు ప్రభలు కదులుతున్నాయి, నరసరావుపేట రోడ్లన్నీ జామ్. లక్ష్మీనారాయణ ఇటుకల లోడుతో వచ్చాడు. గురజాల అతను, ఆరేళ్లుగా నా దగ్గరికే వచ్చేవాడు. టాపెట్లు మోగుతున్నాయి, గబగబా సెట్ చెయ్యి, ప్రభలు అడ్డం పడితే రేపటిదాకా కదల్లేను అన్నాడు. చేశాను. రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య ఫీలర్ గేజ్ రేకు పెట్టి, గ్యాప్ చూసి, స్క్రూ తిప్పి, అది కదలకుండా లాక్ నట్ బిగించాలి. పన్నెండు సార్లు. మూడో సిలిండర్ దగ్గర స్పానర్ నట్టు మీద పెట్టాను. అప్పుడే ట్రాఫిక్ పోలీసు విజిల్ వేశాడు, బండి తియ్యమని. ఆ తర్వాత కవర్ మూయడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం మూడు గంటల నలభైకి వెల్దుర్తి దాటాక ఎత్తులో బండి వెనక్కి జారింది. పికప్ తగ్గినట్టుంది, గేరు పడలేదు అని ఎదురుగా వచ్చిన ఆటో అతను చెప్పాడు. లారీ వాగులో బోల్తా పడింది. లక్ష్మీనారాయణ అక్కడే పోయాడు.

లాక్ నట్ వదులైతే స్క్రూ వెనక్కి తిరుగుతుంది. రాకర్‌ను కింద నుంచి తోసే పుష్ రాడ్ జారుతుంది. ఒక సిలిండర్ చస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కే బండికి అది చాలు.

జూన్ 12. ఉదయం

తెరిచాను. పన్నెండు నట్లూ బిగుతుగానే ఉన్నాయి. కవర్ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను.

మధ్యాహ్నం

వెంకట సాయికి ఫోన్ చేసి, ఇంతకుముందు ఈ హెడ్ ఎవరైనా తెరిచారా అని అడిగాను. స్క్రాప్ నుంచి తెచ్చి ఎక్కించినప్పుడు మెకానిక్ టాపెట్లన్నీ కొత్తగా సెట్ చేశాడట.

అంటే నేను చూసింది నా చెయ్యి కాదు. ఇంక ఎప్పటికీ తెలియదు.

జూన్ 13. శుక్రవారం

జుమ్మా నమాజు అయ్యాక గురజాల వెళ్లాను. లక్ష్మీనారాయణ భార్య శేషారత్నం ఇంట్లోనే మిషను కుడుతుంది. బడులు తెరిచారు కదా, చుట్టూ యూనిఫాం గుడ్డ. అంతా చెప్పాను. ఆమె కుట్టడం ఆపలేదు. గౌను అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తల ఎత్తింది.

"నువ్వొక్కడివే అనుకుంటన్నావా అన్నా?" అంది.

బండి జారిన సమయంలో లక్ష్మీనారాయణ ఆమెతోనే ఫోన్‌లో ఉన్నాడట. నేను అంతకుముందు ఎప్పుడూ వినని మాట. పండక్కి రానన్నాడని ఆమె తగువు పెట్టుకుంది. ఎత్తు ఎక్కుతున్నా, తర్వాత చేస్తా అన్నాడు. "పెట్టమాక, నాకు బదులు చెప్పి పెట్టు అని అరిచా. ఒక చెయ్యి ఫోను మీద ఉంటే గేరెట్టా పడుద్ది? రెండేళ్ల నించి ఇదే. మా అత్తకి చెప్పలా, పిల్లలకి చెప్పలా."

ఫోన్‌లో ఇంజన్ చప్పుడు వినపడిందా అని అడిగాను. అడగకూడదు. అడిగాను.

"నేను అరుస్తన్నా గదా. కానీ నా అరుపు ఆగాక కాసేపు ఆ చప్పుడొకటే ఉంది. చెవిలోనే ఉందన్నా. మళ్లా వింటే గుర్తుపడతా."

అప్పుడు ఆమే అంది. ఆ ఇంజన్‌లోనే నట్టు ఒకసారి బిగించి, ఒకసారి వదులు చేసి, ఫోన్‌లో వినిపించమంది. ఏది ఏదో ముందు చెప్పవద్దంది.

కొత్త రాకర్లు ఎక్కితే ఆ చప్పుడు ఇంక ఆ ఇంజన్‌లో పుట్టదు. ఆదివారం సాయంత్రం దాకే టైముంది.

జూన్ 14

మనిద్దరిలో ఒకరు బతుకుతారులే అన్నా, అంది శేషారత్నం, నిన్న నేను వచ్చేటప్పుడు. రోజంతా ఆ మాటే.

జూన్ 15. ఆదివారం, ఉదయం 11

షెడ్డు షట్టర్ సగం దించి, ఆమెకు ఫోన్ కలిపాను.

మొదటిసారి నట్టు బిగించి స్టార్ట్ చేశాను. యాక్సిలరేటర్ తొక్కి, ఎత్తు ఎక్కే బండిలా రేస్ పెట్టాను. ఫోన్ క్యాబిన్‌లో, అతను పట్టుకున్నంత దూరంలో పట్టుకున్నాను. రెండు నిమిషాలు. ఆపాను. కవర్ తీసి, మూడో సిలిండర్ నట్టు వదిలి, స్క్రూ తిప్పాను. మళ్లీ స్టార్ట్ చేశాను. సుత్తితో కొట్టినట్టు మోగింది. నాకే భయం వేసింది.

ఆపి ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"మొదటిదే అన్నా" అంది. "అదే. ఒట్టు. రెండోది నేనెప్పుడూ వినలా."

మొదటిది. బిగించింది.

రెండేళ్ల నాలుగు నెలలు. నేను కాదు. స్టీరింగ్ పట్టుకుని నవ్వాను కాబోలు. ఒక్క ఊపిరి సేపు.

"మొదటిది ఏందన్నా? బిగించిందా, వదులుదా?"

ఆమె ఊపిరి వినిపిస్తోంది. వెనక ఎవరో పిల్ల అమ్మా అని పిలిచింది.

"వదులుదే చెల్లెమ్మా" అన్నాను.

ఏడ్చింది. చాలాసేపు. తర్వాత, అయితే నేను కాదు, నేను కాదు, అని రెండుసార్లు అంది. నన్నేమీ అనలేదు. ఫోన్ పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం

రోలర్ రాకర్లు ఎక్కించాను. గ్యాప్ చూసి, ఒక్కో నట్టు బిగించి, దాని మీద పసుపు పెయింట్ గీత పెట్టాను. కదిలితే గీత విరుగుతుంది. వెంకట సాయి వచ్చి స్టార్ట్ చేసి, బండి మెత్తగా గురక పెడుతుంటే నవ్వాడు. నన్ను కౌగిలించుకున్నాడు. పాత రాకర్లు పారేయమన్నాడు.

జూన్ 17

అబిదాకు చెప్పాను. అబద్ధం ఆడిన సంగతి కూడా. అన్నం వడ్డిస్తూ వింది. నువ్వు కాదని నీకు తెలుసు, అల్లాకు తెలుసు, అది చాలు, ఇంక తిను అంది. తిన్నాను.

జూన్ 23

లక్ష్మీనారాయణ అన్న పున్నయ్య షెడ్డు ముందు బైకు ఆపాడు. దిగలేదు. నన్ను చూస్తూ కూర్చున్నాడు. నేను స్పానర్ కింద పెట్టి లేచి నిలబడ్డాను. "ఆరేళ్లు నీ దగ్గరికే వచ్చాడు గదయ్యా" అని వెళ్లిపోయాడు.

శేషారత్నం ఇంట్లో చెప్పినట్టుంది. మంచిదే. చెప్పగలిగింది.

జూన్ 26

గురజాల లారీలు రావడం మానేశాయి.

జూన్ 29

ఆమె గుర్తుపట్టింది బిగించిన చప్పుడునే. అయినా ఇవాళ గుర్తొచ్చింది. విజిల్ వినపడింది. మూడో సిలిండర్ నట్టు మీద నుంచి స్పానర్ తీశాను. గుడ్డకు చెయ్యి తుడుచుకున్నాను. కవర్ మూశాను.

నట్టు బిగించలేదు.