పొయ్యిలో వెయ్యని ఏడు మిరపకాయలు

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు సుగుణ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ బావా పాపా అక్కడ చల్లగా ఉన్నారనే నమ్మకంతో ఇది మొదలుపెడుతున్నాను. మార్టూరు ఫ్యాక్టరీలో ఆ రాతి దుమ్ముకి బావ దగ్గు ఎలా ఉంది? ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే నామోషీ అంటాడు ఆ మహానుభావుడు. నేను అరిచానని చెప్పి కట్టించు.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. బావకి వినిపిస్తే ఊరికే కంగారు పడతాడు. పాప ముందైతే అసలు విప్పొద్దు. కూడబలుక్కుని చదవడం వచ్చేసిందని చెప్పావుగా, చదివాక బీరువాలో నీ చీరాల చీరల అడుగున దాచెయ్.

నా గురించి బెంగ పెట్టుకోకు. రోజూ అన్నం తింటున్నాను, నిజం. బియ్యం దొరుకుతుంది, కందిపప్పు దొరుకుతుంది, గోంగూర మాత్రం కలలోకి కూడా రాదు. ముసలివాళ్ళ హోములో పని అలవాటైపోయింది. స్నానాలు చేయించడం, మందులు ఇవ్వడం, తినిపించడం. మనవాళ్ళ కంటే వీళ్ళే నయం, తిట్టినా తిన్నాక థాంక్యూ అంటారు.

ఓర్చుకోలేనిది ఈ చీకటి ఒక్కటే. స్కాట్లాండులో మరీ ఉత్తరం కొసన ఉన్నాం కదా, పొద్దున తొమ్మిదికి గానీ తెల్లారదు. మధ్యాహ్నం మూడున్నరకల్లా లైట్లు వేసేస్తారు. ఆ నడుమ ఉండేది కూడా ఎండ కాదక్కా, గిన్నెలు కడిగిన నీళ్ళ రంగు వెలుతురు. ఇక్కడివాళ్ళకి ఈ రోజుల్లో ఏటా దిగులు పట్టుకుంటుందట. దానికి మందు, ఎండ కాసే ఊరు చూసుకుని నాలుగు రోజులు పోయి రావడం. డిసెంబరు వచ్చిందంటే మా హోములో వంటమనిషి దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరి చేతుల్లోనూ రంగుల పుస్తకాలే. ఏ దీవిలో రోజుకెన్ని గంటలు ఎండ కాస్తుందో పట్టీ వేసి మరీ అమ్ముతారు. మన రోహిణి కార్తె చూపిస్తే వీళ్ళు ఇళ్ళూ వాకిళ్ళూ అమ్ముకుని వచ్చేస్తారని నేనూ మా లిస్సీ నవ్వుకునేవాళ్ళం. లిస్సీ అంటే నా పక్క గదిలో ఉండే మలయాళీ నర్సు, ఫోన్లో చెప్పానుగా.

అలా పోలేనివాడు ఆంగస్ తాత. పడవల మీద చేపలు పట్టి బతికిన మనిషి, ఎనభై దాటాయి. భార్య ఉన్నన్నాళ్ళూ చలికాలం రాగానే ఇద్దరూ ఎండ ఉన్న దీవికి పోయేవాళ్ళట. ఆవిడ పోయింది, ఈయన కాళ్ళు పడిపోయాయి. అక్టోబరు నుంచి కుర్చీ కిటికీ వైపు తిప్పించుకుని కూర్చోవడమే. తిండి మానేశాడు. చెంచా నోటిదాకా తీసుకెళ్తే నా మణికట్టు పట్టుకుని, "ఎండ ఎప్పుడొస్తుందమ్మాయ్?" అని అడిగేవాడు. ఏం చెప్పను? మా ఊళ్ళో బోలెడంత ఉంది తాతా అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు, బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను.

ఒకరోజు ఆ మొహం చూసి ఉండబట్టలేక దిష్టి తీశాను. నవ్వకు. పాస్టరు గారు మన వీధిలో లేని పూట చూసుకుని అమ్మ తలుపు వేసి మనకి తీసేది చూడు, అలాగే తలుపు వేసి, గుప్పిట్లో ఉప్పూ ఏడు ఎండుమిరపకాయలూ పట్టుకుని మూడుసార్లు తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణుక్కున్నాను కూడా. తాత చిన్నపిల్లాడిలా తల ఒగ్గాడు.

తిప్పాను సరే, వాటిని నిప్పులో వెయ్యాలి కదా. ఇక్కడ నిప్పేదీ? గదిగదికీ కప్పులో పొగ గంటలు. కాస్త పొగ తగిలితే చాలు, ఫైరింజన్ దాకా వచ్చేస్తుంది. ఉప్పు సింకులో కడిగేసి, కాయలు జేబులో వేసుకుని నా గదికి వచ్చాను. పారేద్దామని చెత్తబుట్ట దాకా వెళ్ళాను. నువ్వు పంపిన సంచిలో ఆఖరికి మిగిలిన ఏడు కాయలూ అవే. మన కల్లంలో ఎండినవి, నీ చేత్తో ఏరినవి. చెయ్యి రాలేదక్కా. పప్పులో తాలింపు వేసుకుని తినేశాను. తిట్టు, ఇప్పుడే తిట్టేసెయ్. నూనెలో మాడినా ఒక్క తుమ్ము రాలేదు. అప్పుడైనా నాకు తెలియాల్సింది.

మర్నాడు వెళ్ళేసరికి తాత గిన్నెడు సూపు ఖాళీ చేసి కూర్చున్నాడు. "నేను ఎండలోకి వెళ్ళొచ్చానమ్మాయ్" అన్నాడు. ఏ దీవికి తాతా అని పరాచికాలాడాను.

"దీవి కాదు, సముద్రం లేదు. నేలంతా ఎర్రగా ఉంది. ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా ఆ ఎరుపులో కాళ్ళతో గీతలు గీసుకుంటూ నడుస్తున్నారు."

కల్లంలో కాయలు కాళ్ళతో తిరగేయడం ఈయనకెలా తెలుసు? టీవీలో చూసి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. ఆయన నవ్వుతున్నాడు, తింటున్నాడు, నర్సుకి ఇంకేం కావాలి? రోజూ వెళ్ళి, ఇవాళేం చూశావు తాతా అని నేనే అడిగేదాన్ని. నా నోటితో నేనే అడిగి చెప్పించుకున్నాను.

వేపచెట్టు కింద మూత విరిగిన ఫ్లాస్కు ఉందన్నాడు. సాయంత్రం కాయలన్నీ కుప్పలు చేసి పట్టాలు కప్పుతున్నారన్నాడు. ఇంకో రోజు, ముక్కుకి ఆకుపచ్చ తువ్వాలు చుట్టుకున్న ఆవిడ ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వచ్చి తనతో మాట్లాడిందన్నాడు. ఏమందని అడిగాను. ఆయన నోరు కూడదీసుకుని, ముక్కలు ముక్కలుగా, తెలుగులో అన్నాడక్కా. "ఎండలో ఏం చేస్తన్నావే, నీడకి రా."

అమ్మ పోయి ఆరేళ్ళు. ఆ మాట విని ఏడుపూ సంతోషమూ రెండూ వచ్చాయి. ఆ సాయంత్రం పక్క మీద పడుకుని అమ్మ అలా అనే తీరు ఒకసారి తలుచుకుందామని కళ్ళు మూసుకున్నాను. రాలేదు. అమ్మ నడక రాలేదు. తువ్వాలు ఆకుపచ్చదని ఆయన చెప్పాడు కాబట్టి తెలుసు, నాకై నాకు ఏ రంగూ కనపడలేదు. వేపచెట్టు కల్లానికి ఏ పక్కన ఉందో తేల్చుకోలేకపోయాను. ఆయన ఏది చెప్పాడో అది నా దగ్గర లేదు. ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. భయమేసి లేచి కూర్చున్నాను.

లిస్సీతో చెప్పాను. దిష్టి సంగతి దాచి, మరుపు వస్తోందని మాత్రం చెప్పాను. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. వెలుతురు తక్కువైతే అలాగే ఉంటుందని ఆవిడ ఒక లైటు పెట్టె ఇచ్చింది. కోళ్ళ ఫారంలో పిల్లలకి బల్బు పెడతారు చూడు, అలా దాని ముందు కూర్చున్నాను. ఏమీ కాలేదు. చివరికి లిస్సీ నా మాట వినకుండా ఇద్దరికీ సెలవు పెట్టించి, నాలుగు రోజులు స్పెయిన్ వాళ్ళ దీవికి లాక్కెళ్ళింది.

అక్కా, అక్కడ నిజంగానే ఎండ. కళ్ళు తెరవలేనంత ఎండ. ఇసుక మీద తెల్లవాళ్ళంతా వడియాల్లా ఆరబోసుకుని పడుకున్నారు. లిస్సీ "హమ్మయ్య" అని చెప్పులు విసిరేసి పరిగెత్తింది. నేనూ చెప్పులు విప్పి నిలబడ్డాను. ఇసుక కాలుతోందని అందరూ గెంతుతున్నారు. నా కాళ్ళకి ఏమీ తెలియలేదు. నా భుజం మీద ఎండ పడుతుంటే చూస్తున్నాను గానీ, అది కిటికీ అవతల ఎవరి మీదో పడుతున్నట్టుంది. నాలుగు రోజులూ అంతే.

మేం దిగిన ఇంటి గోడకి ఎండుమిరపకాయల దండ వేలాడదీశారు. ప్రాణం లేచొచ్చింది. ఒక కాయ తెంపి, తుంచి, గింజలు అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు, ఘాటు లేదు. పక్కన నిలబడ్డ లిస్సీ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ నన్ను తిట్టింది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టేనని మనకి అమ్మ చెప్పే ఉంచింది కదా.

తిరిగొచ్చి డ్యూటీకి వెళ్తే మేనేజరమ్మ నా మీద విరుచుకుపడింది. ఆంగస్ తాతని బయట ఎవరు తిప్పారని అడుగుతోంది. లోపలికి వెళ్ళి చూద్దును కదా, తాత మొహం, చేతులు కమిలి నల్లబడి ఉన్నాయి, ముక్కు మీద తోలు ఊడుతోంది. మూడు వారాలుగా ఈ ఊళ్ళో సూర్యుడు లేడు. కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. నన్ను చూసి తాత తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. ముక్కుకి కట్టుకోవడానికి గుడ్డ ఇవ్వమన్నాడు.

"నువ్వు లేనప్పుడు చిన్నపిల్ల వస్తోందమ్మాయ్" అన్నాడు. "స్టీలు చెంబుతో మంచినీళ్ళు తెచ్చిస్తుంది. పై పన్ను ఒకటి లేదు. నవ్వితే ఎంత బాగుంటుందో. నిన్న తన పేరు కూడా చెప్పింది. ఏమందంటే..."

నేను రెండు చేతులతో ఆయన నోరు మూసేశాను. కాళ్ళు పడిపోయిన ముసలాయన నోరు, నర్సుని, మూసేశాను. తర్వాత నా చెవులు మూసుకుని బయటికి పరిగెత్తాను.

ఆ ఆదివారం నేను ఫోన్ చేసి, పాపకి పన్ను ఊడిందా అని అడిగితే ఏమన్నావు? "శుక్రవారమే ఊడిందే, పెంకుల మీదికి విసిరేశాం. నీకెవరు చెప్పారే?" అన్నావు. ఇదిగో, ఈయన చెప్పాడు. దాన్ని పిలువు, దానితో మాట్లాడాలి అంటే, "ఏమే, బంగారంలాంటి పిల్లని పట్టుకుని అది, దాన్ని అంటావేంటే?" అని కసిరావు. నేను నవ్వేశాను. నవ్వులా వినపడిందా నీకు?

నాకు పిచ్చి పట్టిందనుకోకు. పని బాగానే చేస్తున్నాను, మందులు ఒక్కటి కూడా తప్పు ఇవ్వలేదు. తాత మీద కోపం కూడా లేదు, ఆయన ఏమీ దొంగిలించలేదు. నేనే మూడుసార్లు తిప్పి ఇచ్చాను, ఆయన చీకటి నేను తాలింపు వేసుకుని తిన్నాను. ఇప్పుడు ఆయనకి బాగుంది. డాక్టరమ్మ కూడా ఆశ్చర్యపోతోంది.

నువ్వు చెయ్యాల్సినవి చెబుతాను, మరిచిపోకు. పాపని కల్లంలోకి వెళ్ళనివ్వొద్దు. నీళ్ళ చెంబు దాని చేతికి ఇవ్వొద్దు. ఎవరికి నీళ్ళిస్తున్నావని మాత్రం అడగకు, అది ఏం చెబుతుందో వినే ధైర్యం నాకు లేదు. నా నీలం చీర నీ దగ్గరే ఉంది కదా, దాని మీద ఏడు కాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వెయ్యి. నేను చేసినట్టు కక్కుర్తి పడకు, పూర్తిగా మాడేదాకా ఉండు. తర్వాత వెనక్కి చూడకుండా కాళ్ళు కడుక్కో. ఘాటు వచ్చిందో రాలేదో ఉన్నది ఉన్నట్టు రాయి. పాస్టరు గారితో ప్రార్థన కూడా చేయించు, కారణం చెప్పకుండా. కాయలు మాత్రం ఇంక పంపొద్దు.

పాప వీసా కాగితాలు వచ్చాయి. వాళ్ళ నాన్న పోయిన రోజు దానికి మాటిచ్చాను, నిన్ను నా దగ్గరికి తెచ్చుకుంటానని. వేసవి సెలవుల్లో వస్తాను, తప్పకుండా వస్తాను. బస్సు దిగగానే అది పరిగెత్తుకుంటూ వస్తుంది, నేను పిలవాలి కదా. కాగితాల మీద ఉన్నది బాప్తిస్మం పేరు, అది కాదు. పుట్టిన రోజు నుంచి మనం పిలుచుకునే పేరు, కన్నతల్లిని నేను పెట్టిందే. ఈ ఉత్తరంలో అదెక్కడా లేదు, చూశావా? రెండుసార్లు మొదటి నుంచి చదువుకున్నాను, ఎక్కడైనా చెయ్యి దానంతట అదే రాసి ఉంటుందేమోనని.

ఇక్కడ ఆ పేరు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. రేపు ఆయన గదిలోనే నాకు డ్యూటీ. అడిగితే చెబుతాడు. అడగను. నీ దగ్గర్నుంచే రావాలి అక్కా, నీ చేతిరాతతో, పెద్ద అక్షరాలతో, ఇంకేమీ రాయకపోయినా పర్వాలేదు. ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. నేను ఫోన్ చేసినప్పుడల్లా అది వచ్చి నీ పక్కనే నిలబడి చెవి పెట్టి వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బావకీ, మన మేనత్తకీ, పాస్టరు గారికీ, పాస్టరమ్మ గారికీ నా వందనాలు. వాళ్ళ ప్రార్థనల్లో నన్ను తలుచుకోమను. పాపకి నా ముద్దులు.

ఇట్లు,
నీ దీవెనలు కోరే చెల్లెలు,
సుగుణ