సోఫా మీద 118

జనవరి 3, ఉదయం 6:10
ఈరోజు నుంచి నడక. నవ్వకూడదని మా ఆయనకు ముందే చెప్పాను. నవ్వారు.
నా కాళ్ళలో రక్తనాళాలు సన్నబడ్డాయట. నడవాలి, పిక్క పట్టేస్తే ఆగాలి, నొప్పి వదిలాక మళ్ళీ నడవాలి. రోజూ చేస్తే కాళ్ళు దారికొస్తాయంది డాక్టరమ్మ.
రాక తప్పదు. మా అమ్మాయికి కొండమీది అబ్జర్వేటరీలో ఉద్యోగం. మార్చి ఒకటిన ఇంటివాళ్ళని రానిస్తారు. కారు సగం దాకే, మిగతాది కాలినడక. "టెలిస్కోపులో చంద్రుణ్ణి ముందు నీకే చూపిస్తానమ్మా" అంది.
కొన్నవి: బూట్లు, మేజోళ్ళు, నీళ్ళ సీసా, బీపీ మిషను.

జనవరి 5
టైలరు కొట్టు దగ్గర పిక్క పట్టేసింది. అక్కడి బల్లమీద కూర్చుని మిషను కట్టుకున్నాను. పైఅంకె 172!
"ఏంటక్కా, నా కొట్టుకొచ్చి మీరే కొలతలు తీసుకుంటున్నారు?" అన్నాడు టైలరు.
డాక్టరమ్మకు ఫోను. "రక్తం చాలక పిక్క గోలపెడుతుందమ్మా. ఆ గోలకి బీపీ పెరుగుతుంది. మీలాంటివాళ్ళకి ఇంకాస్త ఎక్కువే. ఛాతీ బరువెక్కినా, తల తిరిగినా ఆపేసి నాకు చెప్పండి. అవేం లేకపోతే ఇంటికెళ్ళి, కాసేపు కూర్చున్నాకే కొలవండి. నడక మధ్యలో వద్దు."
సరే అన్నాను. కానీ ఇన్నేళ్ళుగా ఇంటి లెక్కలు అదుపులో పెట్టినదాన్ని. ఒక్క అంకె నా మాట వినకపోవడమేమిటి?

జనవరి 9
కిటుకు దొరికింది. పిక్క పట్టేయకముందే ఆగితే సరి! టైలరు కొట్టు దాకా పోకుండా మందుల షాపు దగ్గరే ఆగాను. 150.

జనవరి 16
పాలబూతు దగ్గర ఆగాను. 141. నొప్పి లేదు. నేనింత తెలివైనదాన్నని ఎవరూ చెప్పలేదు.

జనవరి 24
మా గేటు. 133.
"నడకకెళ్ళావా, పేపరు తేవడానికెళ్ళావా?" అన్నారు ఆయన.
రెండూ అన్నాను.

ఫిబ్రవరి 2
మంచు. బూటు కరుస్తోంది. పైగా వీధికుక్క చూపు బాగాలేదు. హాల్లోనే ఒక చుట్టు. 126.

ఫిబ్రవరి 11
సోఫా. 118! పెళ్ళినాటి బీపీ.
నేను ఊరెళ్ళానా అని టైలరు అడిగాడట.

ఫిబ్రవరి 20
డాక్టరమ్మకు నా పట్టిక చూపించాను. "ఎంత పొందిగ్గా రాశారమ్మా" అంది. పొంగిపోయాను. తర్వాత ఆసుపత్రి వరండాలో నడవమంది. జనవరిలో ఆరో తలుపు దాకా వెళ్ళినదాన్ని, మూడో తలుపు దగ్గరే పిక్క పట్టుకుని నిలబడిపోయాను.
"ఇవి నడిచిన అంకెలు కావమ్మా, కూర్చున్న అంకెలు. నొప్పి దాకా వెళ్ళకపోతే కాలు నేర్చుకోదు. ఈసారికి కొండ వద్దు."
"మొత్తానికి మా సోఫా ఆరోగ్యం బాగుందండి" అన్నారు ఆయన. ఆటోలో దారంతా అదే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

మార్చి 1, రాత్రి 7:40
కొండ మధ్యలో, కారులో ఉన్నాను. ఆయన పైకెళ్ళారు. చంద్రుడు ఇక్కడికీ కనిపిస్తున్నాడు, బొట్టుబిళ్ళంత.
అమ్మాయి ఫోను. "నాన్నకి చూపించలేదమ్మా."
"అంత దూరం ఎక్కొచ్చారు కదే!"
"ముందు నీకేనని మాటిచ్చాను. టెలిస్కోపు వైపు వీపు పెట్టించి కూర్చోబెట్టాను. మళ్ళీ జూన్‌లో రానిస్తారు."
వెనక నుంచి ఆయన గొంతు: "మీ అమ్మకి చెప్పు, నేను ఊరికే ఎక్కానని."

మార్చి 2, ఉదయం 6:10
ఈరోజు నుంచి నడక. మిషను బీరువాలో, తాళం ఆయన జేబులో.
పాలబూతు దగ్గరే పట్టేసింది. గోడకానుకుని నిలబడ్డాను. వదిలింది. నడిచాను. మందుల షాపు దగ్గర మళ్ళీ. మళ్ళీ నిలబడ్డాను. అంకె ఎంతో తెలియదు. వేళ్ళు మాత్రం మిషను కోసం సంచీలో తడుముకున్నాయి.
టైలరు బల్ల తుడిచి చూపించాడు. "ఈరోజు కొలతల్లేవా అక్కా?"
"జూన్‌లో" అన్నాను.
ఆయన కూడా బూట్లు వేసుకుని నా వెనకే వచ్చారు. నేను కొండెక్కితేగానీ ఆయనకి చంద్రుడు లేడు మరి.