డీజిల్ బండే ఎందుకంటే

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమంగా ఉన్నాం. ఈ వాక్యం రాశాక కాసేపు పెన్ను పక్కన పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. అబద్ధమని కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు. ఉత్తరం ముగించేలోగా సరిచేస్తాను, అప్పటిదాకా దాన్నలా ఉండనీ. నువ్వక్కడ వేళకి తింటున్నావనీ, ఆ చలికి రెండు జతల మేజోళ్ళు వేసుకుంటున్నావనీ తలుస్తాను.

ముందు నువ్వడిగిన చిన్నవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది. లైబ్రరీలో పై అరల పుస్తకాలకి నేను నిచ్చెన ఎక్కడం మానేసి, పుస్తకం కావాలన్న వాళ్ళనే ఎక్కిస్తున్నాను. షెడ్డు కారడం మాత్రం ఆగలేదు. మీ నాన్న ఈ మూల రేకు అతికిస్తే నీళ్ళు ఆ మూల దారి చూసుకుంటున్నాయి. నువ్వు వెళ్ళేముందు సగం విప్పి వదిలేసిన చిన్న పంపు ఇంజను గోనెపట్టా కప్పుకుని అలాగే ఉంది. మీ నాన్న దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరు, అది చిన్నమేస్త్రి పని అంటారు. చిన్నప్పుడు స్టూలెక్కి నిలబడి ఆయనకే పనులు పురమాయించేదానివి చూడు, ఆ పేరు ఆయన ఇంకా వదల్లేదు.

ఇక నువ్వు కోపంగా అడిగిన రెండు ప్రశ్నలు. పెట్రోలు బండి కొనమని అంత వివరంగా రాస్తే డీజిల్ బండి ఎందుకు కొన్నారన్నావు. ఫోనులో నువ్వు రెండు ముక్కలు మాట్లాడగానే నాన్న "ఇదిగో అమ్మ" అని నాకెందుకు ఇచ్చేస్తారన్నావు. దాని కింద ఇంకో మాట రాశావు. అక్కడి కంపెనీ ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టమంటోందనీ, నాన్న ఒక్కసారి నోరు తెరిచి రమ్మంటే వచ్చేసి షెడ్డులో ఆయన పక్కన నిలబడాలని ఉందనీ, ఈ మౌనమే ఆయన జవాబైతే నెలాఖరుకి సంతకం పెట్టేస్తాననీ. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. నీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. అది నీకు చెప్పనని మాటిచ్చాను. అందుకే చుట్టూ తిరిగి వస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

పెట్రోలు బండి కొనమన్న నీ ఉత్తరాన్ని నాన్న పట్టించుకోలేదని మాత్రం అనుకోకు. పాత బండి ఛాసిస్ కొండదారిలో విరిగి, దాన్ని తుక్కు కింద ఇచ్చేశాక, వారం రోజులు ఆయన ఇల్లు కాలిన మనిషిలా తిరిగారు. పైన తోటల్లో పంపులు చెడితే వెళ్ళేవాడు ఆయనొక్కడే కదా. వెనక ఇంజను వేసుకుని ఆ రాళ్ళూ బురదా ఎక్కగలిగే బండి లేకపోతే ఆయన పని సగం పోయినట్టే. అప్పుడొచ్చింది నీ ఉత్తరం. కళ్ళజోడు పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర పరీక్ష పేపరు దిద్దినట్టు చదివారు. మొదట వాదించారు, నాతోనే. ఎత్తు ఎక్కేటప్పుడు కింది స్పీడులో లాగాలంటే డీజిలే అన్నారు. వాగులో నీళ్ళు ఎగిరినా ప్లగ్గులు తడుస్తాయన్న బెంగ లేదన్నారు, పైన బంకు లేనిచోట ట్యాంకు ఎక్కువ దూరం వస్తుందన్నారు. నేను నీ తరఫు వకీలునై నీ కాగితం చూసి చదివాను. కొండ ఎక్కేది వారానికి ఒకటి రెండుసార్లే, మిగతా రోజులన్నీ షెడ్డు నుంచి బజారుకి, బజారు నుంచి షెడ్డుకి. ఈ కాలపు డీజిల్ బండికి పొగగొట్టంలో మసి ఫిల్టరు ఉంటుంది, అలా పొట్టి దూరాలు తిప్పితే మూసుకుపోతుంది. చలి పొద్దున్న స్టార్టవడానికి బతిమాలించుకుంటుంది. ఇంజను బరువంతా ముక్కు మీదే, బురదలో ముందు అదే దిగుతుంది. నేను చదువుతుంటే ఆయన నా పెదాల వంకే చూస్తూ విన్నారు. శ్రద్ధ అనుకున్నాను.

చివరికి కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చిన్నమేస్త్రి చెప్పాక ఇంకేముంది, పెట్రోలే అన్నారు. ఈ మాట నువ్వు గుర్తుపెట్టుకోవాలి. ఆయన ఇంట్లోంచి బయల్దేరింది పెట్రోలు బండి కొనడానికే.

నేనూ వెళ్ళాను. ఊరి చివర పాత బళ్ళు అమ్మే స్థలం. అమ్మేవాడికి నేను మనసులోనే నవ్వులాయన అని పేరు పెట్టాను, తుప్పు చూపించినా నవ్వుతూనే చూపిస్తాడు. ఒకే రకం పికప్పులు రెండు పక్కపక్కనే ఉన్నాయి. తెల్లది పెట్రోలు, బూడిదరంగుది డీజిల్. మీ నాన్న తెల్లదాని బానెట్ ఎత్తి, కిందకి దూరి, చక్రాలు తన్ని, ఆ వెనకున్న మట్టిగుట్ట ఎక్కించి దింపారు. దిగొచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. గుట్ట మీద ముక్కు తేలిగ్గా తిరిగిందనీ, నువ్వన్నది నిజమేననీ కిటికీలోంచి నాకు చెప్పారు. బండి అక్కడే ఆపి, ఇంజను ఆడుతుండగానే, జేబులోంచి నీ కాగితం తీసి ఇంకోసారి చూసుకున్నారు. నవ్వులాయన నాతో టైర్ల గురించి ఏదో చెబుతున్నాడు.

అప్పుడు మీ నాన్న తాళం తిప్పారు.

ఆడుతున్న ఇంజను మీద తాళం తిప్పితే వచ్చే చప్పుడు నీకు నేను చెప్పాలా. ఇనుప పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కున్నట్టు. అవతల టైర్లు మారుస్తున్న మనుషులు తలలెత్తి చూశారు. ఆయన నొసలు ముడిచి, బండి ఎందుకు అందుకోవడం లేదా అన్నట్టు, మళ్ళీ తిప్పారు. నవ్వులాయన నవ్వు మొదటిసారి ఆగింది. బండి ఆడుతూనే ఉంది కదా సార్ అన్నాడు. మీ నాన్న అతని వైపు చూడలేదు, నా వైపు చూశారు. ఏం జరిగిందో ఆయనకి నా ముఖం చెప్పింది. పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవికి ఆనించి, ఏ సిలిండరుకి జబ్బో చెప్పే మనిషి. నీకూ అలాగే వినడం నేర్పిన మనిషి. తాళం మీద నుంచి చెయ్యి తీసేసి, స్టార్టరు ఎలా ఉందో చూశానయ్యా అన్నారు. నవ్వులాయన నమ్మాడు. నేనూ నమ్మినట్టే నిలబడ్డాను.

తర్వాత బూడిదరంగు బండి ఎక్కారు. తాళం తిప్పగానే అది ఒళ్ళంతా వణికింది. గేరురాడ్డు వణికింది, అద్దం వణికింది, డ్యాష్‌బోర్డు మీది దుమ్ము కదిలింది. ఆయన అరచెయ్యి వెడల్పుగా చాచి ఆ డ్యాష్‌బోర్డు మీద ఆనించారు. నువ్వు పుట్టినప్పుడు నిన్ను నా పక్కన పడుకోబెడితే, ఊపిరి ఆడుతోందా లేదా అని నీ వీపు మీద అలాగే చెయ్యి పెట్టారు. ఇది తీసుకుందాం అన్నారు. బానెట్ ఎత్తలేదు. కుట్టుమిషను కొన్నా మూత విప్పి చూసే మనిషి, ఆ బండి బానెట్ ఎత్తి చూడలేదు.

దారిలో ఒకచోట ఆపి చెప్పారు. వినికిడి ఏడాదికి పైగా తగ్గుతూ వస్తోందట. నాకు అనుమానం ఉండాల్సింది. ఎవరిదో పంపు బెల్టు చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంటే "ఎంత నున్నగా తిరుగుతోందో చూడు" అన్నారొకసారి. తెచ్చినాయన పరాచికం అనుకుని నవ్వాడు, నేనూ నవ్వాను. ఇంట్లో పిలిస్తే పలకకపోవడం మొగుళ్ళందరికీ ఉన్నదే అనుకున్నాను.

తర్వాత చెవి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. ఆవిడ కాగితం మీద ఒక గీత గీసింది, ఎడమవైపు ఎత్తుగా మొదలై కుడివైపు జారిపోయే గీత. రేకుల షెడ్డులో ఇన్నేళ్ళు ఇంజన్ల హోరు విన్న చెవులు ఇలాగే అవుతాయంది. సన్నటి శబ్దాలు ముందు పోతాయి, లావు శబ్దాలు కొంతకాలం ఉంటాయి. ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు, ఫోను, ఇవి ముందు పోయేవాటిలో ఉన్నాయి. పోయింది తిరిగిరాదు, ఉన్నది నిలవాలంటే ఇంజన్లకి దూరంగా ఉండమంది. బయటికొచ్చాక ఆ మాట ఆయన ముఖంలోకి చూస్తూ మెల్లగా చెప్పాను. "అయితే మరి నన్నెక్కడ ఉండమంటుంది?" అన్నారు. వేళాకోళంగా అన్నట్లు లేదు. నిజంగానే అడిగారు. చెవికి మిషను కూడా కొన్నాం. షెడ్డులో అది పెట్టుకుంటే సుత్తి దెబ్బ ప్రతిదీ నెత్తి మీద పడినట్టుందట. స్పానర్ల సొరుగులో శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టారు.

ఆ రోజు బండిలో ఆయన నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "చిన్నమేస్త్రికి చెప్పకు. నాన్న మొండివాడు అనుకుంటే అనుకోనీ. కోపం వస్తుంది, పోతుంది. చెవులు పోయాయని తెలిస్తే అన్నీ వదిలేసి వచ్చేస్తుంది. జాలిపడి వచ్చిన పిల్లని పక్కన నిలబెట్టుకుని నేను పని చెయ్యలేను." సరేనని తల ఊపాను. నోటితో అంటే వినిపిస్తుందో లేదోనని, కనబడేటట్టు ఊపాను.

ఫోను సంగతి ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది. నీ పేరు చూడగానే ఆయనే ముందు అందుకుంటారు. చెవికి నొక్కిపెట్టుకుని నేల చూస్తూ నిలబడతారు. తప్పు జవాబు చెబితే నీకు తెలిసిపోతుందని భయపడి నాకిచ్చేస్తారు. ఇచ్చి వెళ్ళిపోరు, ఎదురుగా కూర్చుంటారు. నువ్వు పెట్టేశాక ఏమందని మొదటి మాట నుంచి చెప్పించుకుంటారు. "నవ్విందా?" అని అడుగుతారు. నవ్విందంటే, ఏ మాటకి నవ్విందో అది మళ్ళీ చెప్పమంటారు.

ఇదంతా నీకు రాయొచ్చా కూడదా అని నేను పడ్డ గింజులాట నువ్వు ఊహించుకోగలవు, కూర ఏం వండాలన్నా రెండు మనసులుండే దాన్ని. ఆయన అడిగింది ఒక్కటే, అదీ కాదనేస్తున్నాను. ఇది చదివి నువ్వు వచ్చేస్తే, ఆయన భయపడిందే నా చేత్తో చేసినట్టు. రాయకపోతే, లేని కోపం ఒకటి ఊహించుకుని నువ్వు మూడేళ్ళు అక్కడ ఉండిపోతావు. ఏది తక్కువ తప్పో నాకింకా తేలలేదు. ఒక్కటి మాత్రం అనిపించింది. సంతకం పెట్టినా, పెట్టకపోయినా, అది నీ పనినీ నీ బతుకునీ చూసుకుని నువ్వు తేల్చుకోవాల్సింది. మీ నాన్న నిన్ను వద్దనుకుంటున్నారని మాత్రం సంతకం పెట్టకు.

బండి విషయంలో నువ్వే గెలిచావు, అదీ చెప్పాలి. పొద్దున్న చలిలో అది లేవడానికి మొరాయిస్తోంది. మసి ఫిల్టరు దీపం అప్పుడే ఒకసారి వెలిగింది. "చిన్నమేస్త్రి రాసినట్టే అయింది" అని ఆయనే ఒప్పుకుని, ఆ మసి కాలేదాకా పెద్దరోడ్డు మీద పని లేకుండా చాలా దూరం తోలుకొచ్చారు. కొండకి వెళ్ళే రోజు నాకు సెలవు దొరికితే పక్కన కూర్చుంటాను. వెనక హారను వినబడితే ఆయన మోకాలి మీద తడతాను, పక్కకి తీస్తారు. నాకు సెలవు లేని రోజున ఎవరు తడతారో నేను అడగలేదు. లైబ్రరీలో ఇన్నేళ్ళు అందరినీ మెల్లగా మాట్లాడమన్న దాన్ని, ఇప్పుడు ఇంట్లో గొంతు లావు చేసుకుని మాట్లాడటం నేర్చుకుంటున్నాను. నువ్వు మాట్లాడేటప్పుడు కూడా అరవకు. అరిస్తే గొంతు ఇంకా సన్నబడుతుందట. తగ్గించి, నిదానంగా.

మొన్న ఆదివారం మధ్యాహ్నం చూశాను, బండి పెరట్లో ఊరికే ఆడుతోంది. ఎక్కడికీ వెళ్ళే పని లేదు. డీజిల్ ఎందుకు దండగ అని చెప్పడానికి వెళ్ళాను. మీ నాన్న లోపల కూర్చుని నుదురు స్టీరింగుకి ఆనించి ఉన్నారు. కంగారుపడి భుజం పట్టుకుంటే తల ఎత్తారు. ఏం లేదన్నారు. తర్వాత, నేను అడక్కుండానే చెప్పారు.

"చెవిలో ఎప్పుడూ ఒక కూత మోగుతూనే ఉంటుంది. ఇది ఆడుతున్నంతసేపూ ఆ కూత అణుగుతుంది. అప్పుడు దాని గొంతు కొంచెం గుర్తొస్తుంది."

ఎవరి గొంతని నేను అడగలేదు.

మొదటి వాక్యం సరిచేస్తానన్నాను కదా. నేను క్షేమం. మీ నాన్న పెరట్లో ఉన్నారు. బండి ఆడుతున్న చప్పుడు ఈ బల్ల దాకా వినిపిస్తోంది. ఆపమని చెప్పడానికి ఈసారి లేవలేదు.

ఇట్లు,
మీ నాన్నకిచ్చిన మాట తప్పిన
నీ అమ్మ