పగుళ్ళు లేని మొహం

ఎజ్బెత్ ఎల్-బోర్గ్,
షాబాన్ నెల 22, శుక్రవారం, జుమా నమాజు అయ్యాక.

నా ఒక్కగానొక్క చెల్లెలు రతీబాకి,

దేవుడి పేరు తలుచుకుని, నీ అన్న దసూకీ వేల సలాములతో రాయునది. మీ అత్తగారు హజ్జా ఫకీహా చేతులకి నా ముద్దులు. మీ ఆయనకి, పిల్లలకి పేరుపేరునా దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. నైలు ఎప్పటిలాగే సముద్రంలో కలుస్తోంది, పిల్లులు ఎప్పటిలాగే చేపలు దొంగిలిస్తున్నాయి. నీ గొంతు వినబడటం లేదన్న లోటు తప్ప మరే లోటూ లేదు.

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. మీ ఆయన ఎత్తి, స్నానానికి వెళ్ళింది బావా అంటాడు. నెల రోజులుగా స్నానం చేస్తున్న మనిషిని నేనెక్కడా చూడలేదు రతీబా. అందుకే కాగితం పట్టాను. పోర్ట్ సయీద్ వచ్చే చేపల లారీ డ్రైవరు ఇది నీ చేతికే ఇస్తాడు, దాంతోపాటు ఉప్పుచేపల పొట్లం కూడా. మీ ఇంట్లో ఏ ఉత్తరమొచ్చినా హజ్జా ముందు పైకి చదవాలి కదా, చదువు. ఆవిడకీ నేను క్షమాపణ చెప్పుకోవాలి. ఆ వయసులో మేడ మెట్లెక్కి నాకోసం వస్తే, ఆవిడ మొహం నలుగురిలో చిన్నబుచ్చాను.

ముందు ఇంజను సంగతి చెబుతాను. తప్పంతా దానిదే.

రయ్యిస్ హసూనా కెప్టెన్‌గా నడిపే సొంత బోటు అల్-ఫనార్‌ని నువ్వెరుగుదువు. దాని ఇంజను తూర్పు జర్మనీ వాళ్ళు చేసింది. ఆ దేశమే ఇప్పుడు లేదు, ఇక ఫ్యాక్టరీ ఎక్కడుంటుంది? మొన్న శీతాకాలం చివర్లో సముద్రం మధ్యలో నీళ్ళ గొట్టానికి ప్లాస్టిక్ సంచి అడ్డుపడి ఇంజను కాగిపోయింది. చల్లారనిస్తే ఏ బాధా లేకపోను. ఎవడో మహానుభావుడు బకెట్టు చన్నీళ్ళు తెచ్చి దాని నెత్తిన కుమ్మరించాడు. వేడి టీ గ్లాసుని కుళాయి కింద పెడితే ఏమవుతుందో నీకు చెప్పాలా? రెండు సిలిండర్ల మీది ఇనప మూతలు అడ్డంగా పగిలాయి.

ఆ మూతల్ని మేము మూతలని అనం. మొహాలంటాం. సిలిండరు మొహం. నాకు ఇంజను పని నేర్పిన మేస్త్రీ, మా ఉస్తా, అలాగే అనేవాడు, ఆయనకి నేర్పినవాడూ అలాగే అన్నాడట. మన నాన్న వలలు అల్లుకునే మనిషి గనక నీ చెవిన ఈ మాట పడి ఉండదు. ఈ ముక్క హజ్జాకి రెండుసార్లు చదివి వినిపించు. గొడవకి మూలం ఇక్కడే ఉంది.

హసూనా బోటు దిగొచ్చి, ఈ ముసలిదాన్ని ఇనుముకింద అమ్మేసి చైనా ఇంజను పెట్టిస్తానన్నాడు. కాఫీ కొట్టు ముందు అందరూ ఉండగా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మీసం మీద చెయ్యేసి చెప్పాను: రంజాను నెలవంక కనిపించేలోపు ఇది తిరక్కపోతే మీసం తీయించుకుంటా, నా పానాలూ పనిముట్లూ అన్నీ నైల్లో పారేస్తా అని. అందరూ నవ్వారు. "ఉస్తా, మీసం లేకపోతే నీ మొహంలో ఇంకేముందయ్యా చూడ్డానికి" అన్నాడు హసూనా. నవ్వితే నవ్వనీ. ఈ రేవులో ఆ ఇంజను గుండె చప్పుడు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. దాన్ని ముక్కలు చేసి అమ్మితే నన్నూ ఆ తక్కెట్లోనే పడేసినట్టు. నా పంతమంతా అందుకే.

అప్పుడే నీకు ఫోను చేశాను. వర్క్‌షాపులో గ్రైండరు మోత. నేనన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "రతీబా, నాకో మంచి మొహం చూడమ్మా. పాతదైనా సరే, ఒక చోట పనిచేసి వచ్చిందైనా సరే. పగుళ్ళుండకూడదు, వేడికి తట్టుకోవాలి. ఇన్సాఫ్ వాళ్ళ దగ్గర ఉంటుందేమో అడిగి చూడు" అన్నాను. పాత ఓడల సామాన్లంటే పోర్ట్ సయీద్‌లో ఇన్సాఫ్, వాళ్ళ తమ్ముడు అవద్ నడిపే గోడౌన్ కంటే పెద్దది లేదు కదా. నువ్వేం విన్నావు? భార్య పోయిన అన్నకి సంసారం మీద మనసు పుట్టిందనీ, భర్త పోయిన ఇన్సాఫ్‌ని అడగమన్నాడనీ విన్నావు. బస్బూసా మిఠాయి పళ్ళెం పట్టుకుని, హజ్జాని వెంటబెట్టుకుని వెళ్ళి సంబంధం మాట్లాడొచ్చావు. నాకు మాత్రం, ఉంది, వచ్చి చూసుకో అని కబురు పెట్టావు.

నేను వచ్చాను. పని బట్టల్లో, చేతిలో సంచి, సంచిలో సుత్తి, కొలబద్ద. నువ్వు రమ్మన్న ఇన్సాఫ్ వాళ్ళ మేడ మీది గదిలో చూస్తే వాళ్ళ మేనమామ, అవద్, ఇరుగుపొరుగు, బల్లమీద ఎర్ర షర్బత్ గ్లాసులు. పాత ఇనుము బేరానికి షర్బత్తులేమిటా అనుకున్నాను. మొహం ఏదీ, వెలుతురులో చూడాలి అన్నాను. "కూర్చో ఉస్తా, వస్తుంది" అన్నాడు అవద్. రావడమేమిటి, ఇద్దరు పట్టి మోసుకురావాలి కదా అన్నాను. మేనమామకి షర్బత్ గొంతులో అడ్డం పడింది. నేను ఊరుకున్నానా? ఇదివరకు ఎన్నిసార్లు గీకించారు, ఎక్కడైనా అతుకేశారా అని అడిగి, సంచిలోంచి సుత్తి తీసి, ఒక్కసారి కొట్టి చూస్తాను, కంగుమంటే నాది అన్నాను.

అవద్ పుట్టినప్పట్నుంచీ ఇనుములో బతికినవాడు, మా మాట వాడికి తెలుసు. తెలిసినందుకే మరీ మండింది. "మా అక్కని అడగమని మనుషుల్ని పంపి, ఇప్పుడు ఇనుము కోసం వచ్చావా? ఏ మొహం పెట్టుకుని వచ్చావయ్యా? నీక్కావల్సినవి రెండూ మా గోడౌన్లోనే ఉన్నాయి. కాలువలో పారేస్తా గానీ నీకివ్వను, పో" అని తలుపు తీసి నిలబడ్డాడు. హజ్జా పెదవి కొరుక్కుంది. నువ్వు నావైపు చూడకుండా గ్లాసులు సర్దడం మొదలుపెట్టావు. వంటింటి తెర వెనక మాత్రం ఎవరో పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఇన్సాఫ్‌దని తరువాత తెలిసింది.

ఆ రోజు నుంచీ నీ స్నానం మొదలైంది.

నేనేం చెయ్యను? సూయెజ్ వెళ్ళాను. అక్కడొకడు వెండిరంగు పూసిన మొహం చూపించి, ఇది కొత్త పెళ్ళికూతురు ఉస్తా అన్నాడు. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాను. కవాటాల మధ్య సన్నటి గీత నల్లగా పైకి తేలింది. పగుల్లో లప్పం కూరి రంగేశాడు. పెళ్ళికూతురికి పౌడరెక్కువైందిరా అని చెప్పి బస్సెక్కాను. అలెగ్జాండ్రియాలో దొరికినవి మంచివే గానీ పొలాలకి నీళ్ళు తోడే ఇంజనువి. బోల్టులన్నీ కుదిరాయి, నీళ్ళు పారే రంధ్రం మాత్రం బెత్తెడు పక్కకి ఉంది. అంత దూరం వెళ్ళి మొహం వేలాడేసుకుని తిరిగొస్తే, కాఫీ కొట్టులో మంగలి సయ్యద్ కత్తి నూరుతూ కనిపించాడు. పరాచికానికే అనుకో, అయినా మీసం తడుముకున్నాను.

అప్పుడు ఇన్సాఫ్ ఫోను చేసింది. "గోడౌనుకి రా ఉస్తా, మా వాడి కోపం కాస్త తగ్గింది, నీ గడువు కూడా తగ్గుతోందిగా" అంది. వెళ్ళాను. అవద్ మొహం మాడ్చుకుని కాటా పక్కన కూర్చున్నాడు. ఇన్సాఫ్ తలగుడ్డ బిగించి, కాలువ అడుగు తవ్వే పాత ఓడని విప్పిన సామాన్ల గుట్ట వెనక్కి నడిచి, గోనె పట్టా తొలగించింది. రెండు మొహాలు, గ్రీజులో మునిగి, రాణుల్లా ఉన్నాయి. నా సంచిలోంచి సుత్తి తనే తీసుకుని కొట్టింది. కంగుమని మోగింది. రెండోదీ అంతే. "ఎలాగుంది ఉస్తా, సంబంధం నచ్చిందా?" అంది. నేను తలొంచుకున్నాను.

బేరంలో ఒకే ఒక్క షరతు పెట్టింది. "మీ చెల్లెలు మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. ఫోన్లో వద్దు, ఉత్తరం రాయి. జరిగిందంతా రాయి" అంది. అలాగే అన్నాను. చూశావా, ఈ ఉత్తరం నీకు పరాయి మనిషి ఇప్పించింది. సొంత అన్న బుర్ర ఎప్పటిలాగే ఇంజన్లో ఉంది.

ఇక గెలిచిన కథ విను. మొహాలు తెచ్చి నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూశాను, ఒక్క చుక్క కారలేదు. కవాటాలు నా చేత్తో నూరాను. రాగి రేకులు కాల్చి మెత్తబరిచి కింద పరిచాను. బోల్టులు మధ్యనుంచి అంచులకి, కొంచెం కొంచెం, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా బిగించాను. నిన్న సాయంత్రం అసర్ నమాజు తరువాత, ఇంజను తిరగడానికి సిలిండర్లలోకి ఒత్తిడి గాలి వదిలాను. ముసలిది ఒకసారి దగ్గింది. నల్లపొగ వచ్చింది. హసూనా పక్కనే నిలబడి చైనా ఇంజను ధరలు లెక్కేస్తున్నట్టు మొహం పెట్టాడు. మళ్ళీ వదిలాను. ఈసారి పట్టుకుంది రతీబా. తెల్లపొగ, తరువాత పొగే లేదు. డెక్కు మీద పెట్టిన టీ గ్లాసులో టీ వణకలేదు. హసూనా నా నుదుటి మీద ముద్దు పెట్టి, "ఇంకో ఇరవయ్యేళ్ళు నా ఇనుమూ నువ్వూ ఇక్కడే చావండి" అన్నాడు. అది వాడి భాషలో ఆశీర్వాదం. మంగలి సయ్యద్ జుమాకి వెళ్తూ నాకంటే ముందు తానే సలాం చెప్పాడు. నవ్విన నాప చేనే పండుతుంది.

బోటు రేపు తెల్లారి సముద్రానికి పోతుంది. రంజాను మొదటి చేపలు మీ ఇంటికే పంపిస్తాను. నిన్ను నలుగురిలో తలెత్తుకోలేకుండా చేశాను, మన్నించు. హజ్జా, మీరూ మన్నించండి. మాట రెండర్థాలది కావడం నా తప్పు కాదు, ఏ అర్థమో చెప్పకపోవడం నా తప్పు. ఇక స్నానం చాలించి ఫోనెత్తు తల్లీ.

ఇట్లు
నీ అన్న,
ఉస్తా దసూకీ (మీసంతో సహా).

తా.క. ఈ విడి కాగితం ఉప్పుచేపల పొట్లంలో మడిచి పెట్టాను. బీపీకి భయపడి హజ్జా దాన్ని ముట్టుకోదు. ఇది పైకి చదవకు.

నువ్వు తప్పు వినలేదు రతీబా. నాకు ఇనుమే కావాలంటే అవద్‌కి ఫోను చెయ్యనా? ఇన్నేళ్ళుగా వాడి దగ్గర సామాను కొంటున్నవాణ్ణి. మధ్యలో నిన్నెందుకు పంపుతాను? పగిలింది రెండైతే ఒక్క మొహమే ఎందుకడుగుతాను?

ఇంజనుకి మొహాలు కావలసిన మాట నిజమే. ఆ నిజాన్ని చాటు చేసుకున్నాను. నఈమా నాకు భార్య కాకముందే నీకు స్నేహితురాలు. ఆమెని మట్టి చేసి వచ్చిన రోజు ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడ్చామో ఇద్దరికీ తెలియదు. అలాంటి నీతో, నాకు ఒంటరిగా అన్నం సయించడం లేదు, నాకో మనిషిని చూడు అని ఎలా చెప్పను? అప్పుడే మరిచిపోయావా అని నువ్వంటే తట్టుకోలేను. అందుకే అటూ ఇటూ తిరిగే మాట ఏరుకున్నాను. నువ్వు కోప్పడితే ఇంజను సంగతే అందామని. నువ్వు కోప్పడలేదు. ఒక్క మాట అడగకుండా మిఠాయి పళ్ళెం పట్టుకుని వెళ్ళావు.

ఆ రోజు సంచిలో సుత్తి ఒక్కటే లేదు. అడుగున ఇస్త్రీ చేసిన పొడుగు అంగీ, నా పండగ గలబియా, ఉంది. కింద మసీదులో మార్చుకుని పైకి వద్దామనుకున్నాను. అంతలో మెట్లు దిగి నువ్వే ఎదురొచ్చావు, నవ్వుతూ. నీ చెవులకి నఈమా కమ్మలున్నాయి. అవి నేనే నీకిచ్చాను, నువ్వు శుభకార్యమని పెట్టుకున్నావు, నీ తప్పేం లేదు. వాటిని చూశాక నాకు ఆ గలబియా వేసుకోబుద్ధి కాలేదు. బట్టలు మార్చుకోకుండానే లోపలికొచ్చి, నోటికి తెలిసిన మాటలే మాట్లాడాను. ఇనుము మాటలు.

గోడౌన్లో అవద్ కాటా సరిచూసుకుంటుంటే ఇన్సాఫ్ మెల్లిగా అంది: "ఉస్తా, ఆ రోజు నువ్వు సుత్తి తీసినప్పుడు సంచిలోంచి గలబియా అంచు కనిపించింది." ఇంకేమీ అనలేదు. జరిగిందంతా రాయమని ఆమె అన్నది దీని గురించే.

ఇంజను తిరుగుతోంది. నాకిక చాటు లేదు. నఈమాని నేను మరిచిపోలేదు, మరిచిపోను. నీకు మనసు ఒప్పకపోతే ఈ కాగితం పొయ్యిలో పెట్టు, ఆ మాట నేనింకెప్పుడూ ఎత్తను. ఒప్పితే మాత్రం మళ్ళీ ఆ మెట్లెక్కు. ఆ కమ్మలు పెట్టుకునే వెళ్ళు. ఇన్సాఫ్‌ని నాకు అడుగు.